జగన్నాథం టైమవుట్

జగన్నాథం చివరిసారి ఆపింది తమ ఊరు లాల్మతీ మీదుగా పోయే బస్సును. అందరిలా చేయెత్తి కాదు. ఒక అరచేతిని అడ్డంగా పెట్టి, దాని కింద రెండో చేతి వేళ్లు నిలబెట్టి, బాస్కెట్‌బాల్‌లో టైమవుట్ అడిగినట్టు. ఆ మనిషికున్న జబ్బు అదొక్కటే: సాగుతున్న పని ఏదైనా సగంలో ఆపాలి. ఆ బస్సెక్కి వెళ్లి చొక్కాకి గుండీలు కొనుక్కొచ్చాడు. మర్నాడు జ్వరమన్నాడు. నాలుగో రోజు లేవలేదు.

ఆ చెరకుతోటల ద్వీప దేశానికి స్వతంత్రం వచ్చి అప్పటికి మూడు నెలలు. సూరయ్య అతనితో మాటలు మానేసి నాలుగు నెలలు.

సూరయ్య ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బుకి కోచ్. భార్య ఈశ్వరమ్మ పోయాక ఆయనకు మిగిలినవి రెండెకరాల చెరకు, మెడలో విజిలు. చెరకు పలకదు కనుక విజిలే ఆయన సంసారం. అందుకే, సముద్రం దాటి వెళ్లి మద్రాసు కాలేజీ జట్టులో నాలుగేళ్లు ఆడొచ్చిన ఆరడుగుల జగన్నాథాన్ని కమిటీ తనకు సహాయకుడిగా వేసినప్పుడు, ఆయనకు రెండు రోజులు అన్నం సహించలేదు.

"వచ్చాడు నా విజిలుకి మొగుడు" అనుకున్నాడు.

జగన్నాథం విజిలు జోలికి పోలేదు. టైమవుట్ జోలికే పోయాడు. ఓడుతున్నా అడిగేవాడు, గెలుస్తున్నా అడిగేవాడు. జట్టుని చుట్టూ నిలబెట్టి, ఉన్న ఒక్క కుర్చీ సూరయ్య వెనక్కి తోసేవాడు.

"కూర్చుని చెప్పండి మామా. నిలబడి చెప్పిన ఎత్తు గాలికి పోతుంది."

ఊళ్లోనూ అదే వరస. రామభజనలో దీపం చుట్టూ తిరుగుతున్నవాళ్ల మధ్యకి వెళ్లి చేతులు అలా పెట్టాడు. భజన పెద్ద కొండయ్య తాళాలు దించాడు.

"ఒరే, రాముడికి టైమవుట్ ఏంట్రా?"

"రాముడు అలసిపోడు తాతా. మంచినీళ్లు పాడేవాళ్లకి."

పెళ్లిలో పురోహితుణ్ని ఆపాడు. పెళ్లికూతురి తల్లి గరిటె పట్టుకుని వెంటపడింది.

ఫిబ్రవరిలో పాంప్లెమూస్ ఊరి జట్టుతో ఫైనల్. ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది, లాల్మతీ మూడు పాయింట్లు ముందుంది. కుర్రాళ్లు గాలిలో ఉన్నారు. జగన్నాథం పాయింట్లు రాసే బల్ల దగ్గరికి పరుగెత్తి చేతులు అడ్డం పెట్టాడు. ఆట ఆగింది. అవతలివాళ్లు ఊపిరి పీల్చుకుని వచ్చి వరసగా రెండు బుట్టలు వేశారు. ఒక్క పాయింటుతో కప్పు పోయింది.

"గెలుస్తున్నవాడు ఆట ఆపుతాడ్రా? నా కుర్చీ కావాలా నీకు?" సూరయ్య అరిచాడు.

"మీ కుర్చీ మీదే మామా. ముందు దాంట్లో కూర్చోండి."

సూరయ్య కూర్చోలేదు. ఆ తర్వాత అతని ముఖం చూడలేదు. జగన్నాథం రోజూ మైదానానికి వచ్చి, బంతులకు గాలి కొట్టి, పలకరించి, బదులు రాకపోతే నవ్వుకుని వెళ్లేవాడు.

అతను పోయాక తొలి మ్యాచ్. గీత వెంట అటూ ఇటూ పరుగెత్తుతూ అరిచిన సూరయ్యకు సగం ఆటలో ఊపిరి అందలేదు. ఎవరూ ఆపలేదు. గోడకు చేరబడి, ఆట ఇంత పొడుగుంటుందా అనుకున్నాడు.

పాయింట్లు రాసే మిషెలిన్ బల్ల వదిలి వచ్చి నీళ్లిచ్చింది. ఆమెది ఫ్రెంచి కలిసిన మాట.

"అయ్యో, మిస్యే సూరయ్యా! ఇప్పుడు మీ పెదాలు చూసేవాడు లేడు కదా."

"నా పెదాలా?"

"జగన్నాథం నా దగ్గరికి వచ్చి ఎప్పుడూ అదే అనేవాడు: 'మామ పెదాలు నల్లబడ్డాయి, ఆపండి.' ఫైనల్లోనూ అదే. మీతో చెప్పనివ్వలేదు. చెబితే ఇంకా గట్టిగా పరుగెత్తుతారన్నాడు."

సూరయ్యకు ఉక్రోషం వచ్చింది. నిజమే, పరుగెత్తేవాడే.

"మీ ఆయాసం చూసి కమిటీ కోచ్ కుర్చీ అతన్నే తీసుకోమంది కూడా. ఒప్పుకోలేదు. 'వద్దు మదాం! మామని ఇంట్లో కూర్చోబెడితే ఊళ్లో ప్రతి గడపకీ వెళ్లి కోచింగ్ మొదలెడతారు' అన్నాడు."

సూరయ్యకు నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. తేరుకున్నాక అడిగాడు.

"ఎప్పటి మాట ఇది?"

"ఫైనల్‌కి వారం ముందు."