ఆర్పిన బొగ్గులు

మా పక్క క్వార్టర్ అత్త పోయిందని మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. నేను ముందు స్టవ్ బంద్ చేశాను. ఏడుపు తర్వాత వచ్చింది. ఎవరికైనా చెబితే ఇదేం మనిషి అనుకుంటారు. ఆ అలవాటు చేసింది ఆమే.

శ్రీరాంపూర్‌లో మా రెండిళ్లకూ గోడ ఒక్కటే. చుట్టరికం లేదు, అయినా నాకు అత్తే. మా బాపూ, అత్త పెనిమిటి మామా ఒకే బొగ్గుబాయిలో దిగేవారు. కంపెనీ బొగ్గు ఊరికే ఇచ్చేది. ఊరికే వచ్చినదానికి ఎవరికి పట్టింపు? మా అవ్వ, అంటే అమ్మ, పొద్దున వాకిట్లో రాజేసిన పొయ్యి, వంట ఉన్నా లేకున్నా మాపటిదాకా మండేది.

అత్త అట్లా కాదు. అన్నం వార్చగానే మండే బొగ్గులు ఏరి, నీళ్లు చల్లి ఆర్పి, మర్నాటికి ఎండబెట్టేది. బియ్యం కడిగిన నీళ్లు గంగవాయిలి కూర మడికి పోయేవి. పొయ్యి ఆర్పే ముందు గోడ మీదుగా ఒక కేక వినిపించేది.

"ఓ వదినె, పప్పేమన్న పెట్టేదుందా? మంట ఉత్తగ పోతుంది!"

మా అవ్వకు ఒళ్లు మండేది. "పుకట్ బొగ్గుకు గింత పీనాసితనమా! సచ్చినంక నెత్తిన పెట్టుకపోతదా ఏంది?" అని గొణిగేది. వాడకట్టు పిల్లలం ఆమెకు 'ఆర్పుడత్త' అని పేరు పెట్టాం.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "బాయి నిండ బొగ్గే ఉన్నది గదత్తా, నీకెందుకు ఫికర్?"

ఆమె తలెత్తకుండానే చెప్పింది. "మా తల్లిగారి ఊరు బాయి పక్కకే గద. బొగ్గు కోసం ఆడిదాక తవ్వుతరంట. మనం జర తక్కువ కాలవెడ్తే రారేమో బిడ్డా."

ఇంటికొచ్చి చెబితే బాపు నిట్టూర్చాడు. "పిచ్చిది. రైళ్లకు రైళ్లు పోతుంది బొగ్గు. గీ పొయ్యిలది ఎంత?" నిజమే. కానీ ఆ మాట ఆమెతో అనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. మర్నాటి నుంచి అవ్వ పప్పు గిన్నె అత్త పొయ్యి మీదికే పంపింది. మా పొయ్యి మాత్రం మండుతూనే ఉండేది.

పెళ్లయి నేను కరీంనగర్ వచ్చాను. గ్యాస్ వచ్చింది. దవాఖాన పనిమీద అత్త మా ఇంట్లో రెండు రోజులుంది. గిన్నె దించి, మంట మరిచిపోయి ముచ్చట్లలో పడ్డాను. "గాలి వండుతున్నవా బిడ్డా?" అంటూ లేచి తనే బంద్ చేసింది. ఎంత సిగ్గేసిందో! ఆమె లెక్క తప్పే కావచ్చు. అయినా వాడకట్టులో ఒక్క ఇల్లన్నా ఆమెతో కలిసి ఆర్పలేదు.

ఆమెను ఆఖరుసారి చూసింది తమ్ముడి పెళ్లికి పోయినప్పుడు. అప్పటికే ఆమె తల్లిగారి ఊరు, నేలంతా పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గనిలో పోయింది. చూద్దువు రమ్మని అత్త నన్ను ఆ గొయ్యి అంచుకు తీసుకుపోయింది. కింద ఎక్కడో లారీలు పాకుతున్నాయి. అత్త కిందికి చూడలేదు. చెయ్యెత్తి ఎదురుగా ఉత్త గాలిలోకి చూపించింది.

"అగో, గాడ మా ఇల్లు. గా అరుగు మీదనే మా అవ్వ కూసునేది."

నేను తలూపాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఊరే పాయె గదత్తా. ఇంకా బొగ్గులు ఆర్పుడెందుకు?"

"అవుతల ఇంకో ఊరున్నది గద, బిడ్డా."

అప్పుడు చూశాను. గొయ్యికి అవతలి ఒడ్డున, ఆ ఊళ్లో మాపటి వంటలకు పొయ్యిలు రాజేస్తున్నారు. ఇళ్ల మీద సన్నగా పొగ లేస్తోంది.