నన్ను మేనేజరును చేసిన కాగితం

మా మేడమీద కిరాయికి ఉంటున్న అమ్మాయి ఇక్కడే శంషాబాద్ విమానాశ్రయంలో విమానాల మరమ్మతు పని చేస్తుంది. మొన్న కెనడా శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకుంటూ కంపెనీని అనుభవ పత్రం అడిగితే, నేనిచ్చిన చాయ్ చల్లారకముందే అది ఆమె ఫోన్లోకి వచ్చేసింది. నాకు నవ్వొచ్చింది. ఆ ఒక్క కాగితం కోసం నేను పడిన తిప్పలు నా ఈడువాళ్లకు చెబితేనే అర్థమవుతాయి.

కాటేదాన్ పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో పన్నెండేళ్లు ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద టర్నర్‌గా చేశాను. మా సేటు మా పక్క ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చి షెడ్డు పెట్టుకున్న మనిషి. నన్ను పనిలో పెట్టుకున్నది నోటిమాట మీద, జీతం పెంచిందీ నోటిమాట మీదే, కాగితమన్నది మా మధ్య ఎన్నడూ రాలేదు. కెనడాకు పోతానంటే ఆయన అడ్డుచెప్పకపోగా, అత్తాపూర్‌లో మంచి కాగితం మీద టైపు చేయించి, ముద్ర కొట్టి, మిఠాయి డబ్బాతో సహా నా చేతిలో పెట్టాడు. చదివితే నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నేను పన్నెండేళ్లుగా ఆయన మేనేజరునట! టర్నర్ అన్న మాట మచ్చుకైనా లేదు. దరఖాస్తులో ఒకటి, పత్రంలో ఒకటి ఉంటే తిప్పి పంపడం ఖాయం, గడువేమో నాలుగు రోజులే ఉంది.

మొహమాటంతో రెండు రోజులు నలిగి, చివరికి మార్చమని అడిగితే ఆయన ముఖం చిన్నబోయింది.

“పన్నెండేండ్లు నీతోని చాకిరీ చేయించుకున్న తమ్మీ. కాగితంల గూడ నిన్ను పెద్దోణ్ణి చెయ్యకపోతే నాకేం మర్యాద?” అన్నాడు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడమెందుకు.

“నాకొచ్చిన పనే రాయి అన్నా. గదే నాకు పెద్దరికం.”

మర్నాడు పొద్దున్నే ఆయన స్టూలు వేసుకొని నా మిషన్ పక్కన కూర్చొని, మధ్యాహ్నం దాకా నేను చేసే పనులన్నీ ఒక్కొక్కటే రాసుకున్నాడు. టైపు చేయించి తెచ్చిన పత్రంలో, ఇనుప పొట్టు రంగు చూసి మిషన్ వేగం తగ్గిస్తానని, కొలిచేముందే వేలితో తడిమి తేడా చెబుతానని, నాకే తెలియని నా అలవాట్లున్నాయి. ఒక్కనాడూ శభాష్ అనని మనిషి ఇవన్నీ ఎప్పుడు చూశాడో!

ఆ పత్రంతోనే నా పని అయింది. పదమూడేళ్లు అక్కడ మిషన్ మీదే బతికి, పిల్లల్ని చదివించుకొని, సుఖంగా తిరిగొచ్చాను, ఏ లోటూ లేదు. అక్కడి కంపెనీలూ మంచి పత్రాలే ఇచ్చాయి గానీ, పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే మాటలవి. ఇప్పుడు కాటేదాన్‌లో మా షెడ్డు జాగాలో గోదాము లేచింది, మా సేటు కాలం చేసి నాలుగేళ్లయింది. నన్ను ప్రేమించేవాళ్లు ఇంట్లో ఇందరున్నారు; నా చేతులకు ఏం వచ్చో తెలిసిన మనిషి మాత్రం ఇంకెవరూ మిగల్లేదు.