నేను రాసిన రాజీ కాగితం

ఆ రాజీ కాగితం రాసింది నేనే. ఎనభైల చివర, బోధన్ దగ్గర మా ఊళ్ళో పంచాయితీ ఏది జరిగినా కాగితం రాయడానికి బడి టీచరుగా నన్ను పిలిచేవారు. ఆ రోజు పంచాయితీ మా ఇంటిదే. చెరుకుకు కాలువ నీళ్ళ వంతు దగ్గర మా బాపు, ఆయన అన్న పెద్దబాపు పారలతో కొట్టుకున్నారు. ఇద్దరూ కొట్టారు. తల పగిలింది మాత్రం బాపుకు, కాబట్టి పెద్దమనుషులు ఆయన వైపు మొగ్గారు.

"'తప్పంతా నాదే' అని మా అన్న చెప్పినట్టు రాయి. నడుముకు తువ్వాల కట్టుకొని అందరి ముంగట ఆయనే చదవాలె. నీళ్ళు ముందుగాల నాకు. నా చెరుకు తడిసినంకనే ఆయనకు," అన్నాడు బాపు.

నాకు చిరాకేసింది. అంతకు వారం ముందే పదో తరగతికి మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చెప్పాను. ఓడిన జర్మనీ చేత నేరమంతా తనదేనని సంతకం పెట్టించారనీ, ఆ అవమానం లోపల రగిలి రెండో యుద్ధానికి దారి తీసిందనీ బోర్డు మీద రాశాను. అదే బాపుతో అన్నాను.

"గది జర్మనీ. గీయన మా అన్న," అన్నాడు.

రాశాను. పెద్దబాపు నడుముకు తువ్వాల కట్టుకొని చదివి, సంతకం పెట్టాడు. బాపు వైపు చూడలేదు. "అక్షరాలు మంచిగున్నయ్ బిడ్డా," అని నాతో మాత్రం అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత రెండేళ్ళు పెద్దబాపు నోరెత్తలేదు. మా గడప కూడా తొక్కలేదనుకోండి. బాపు మాటే నిజమేమో, నేనే పుస్తకం పట్టుకొని వేలాడుతున్నానేమో అనుకున్నాను. మూడో ఏడు, కోతకు వచ్చిన మా చెరుకు పట్టపగలు తగలబడింది. ఎవరైనా నిప్పు పెట్టారో, ఎండకు దానంతటదే అంటుకుందో నాకిప్పటికీ తెలియదు. మా తమ్ముడు మాత్రం గొడ్డలి పట్టుకొని పెద్దబాపు ఇంటి మీదికి పోయాడు. నలుగురు పట్టుకోబట్టి సరిపోయింది.

నిప్పు పెట్టింది పెద్దబాపేనని మళ్ళీ పంచాయితీ కూర్చుంది. "ఇగ ఆయనకు నీళ్ళే బందు అని రాయి," అన్నాడు బాపు.

రాయనన్నాను.

"మరేం రాయాలె? నువ్వే చెప్పు, గట్లనే రాద్దాం."

కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. పెద్దబాపు కూడా తలెత్తి నా వైపు చూశాడు. ఏం రాయకూడదో ఏటేటా పిల్లలకు చెప్పేదాన్ని. ఏం రాయాలో ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన నా చేతిలోంచి కలం తీసుకొని బాపు చెప్పినట్టే రాశాడు. నన్ను సాక్షి సంతకం చేయమన్నారు. చేశాను.