విప్పిన ఇంజను ముందు నా ఉద్యోగ పంచాయితీ

కొడుకులకి చేతిపని నేర్పించండని సభల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. వాళ్లలో ఒక్కరి అరచేతిలోనూ కాయ కాసి ఉండగా చూడలేదు. చేతిపనిలో ఏముంది, కుర్చీలోనే సమస్తం ఉందని చెప్పేవాళ్లనీ చూశాను. ఆ కుర్చీకి కాలు ఊడితే మేకు కొట్టుకోవడం వాళ్లకి రాదు. ఈ రెండు రకాల జ్ఞానులూ ఒకే నులకమంచం మీద కూర్చుని నా బతుకు తేల్చిన రోజు ఒకటుంది.

అప్పటికి నేను ఎస్సెల్సీ తప్పాను. మామూలుగా తప్పలేదు. నా లెక్కల పేపరు దిద్దిన మాష్టారు ఆ బాధతో కాశీ వెళ్లిపోయాడని మా ఊళ్లో చెప్పుకున్నారు. వీడు మళ్లీ పరీక్షకి కడతాడా, గుంటూరు వెళ్లి టైపు నేర్చుకుంటాడా, ఏదైనా చేతిపనిలో పెడదామా అని ఇంట్లో రోజూ చర్చ. నాకు మాత్రం ఒకటే కోరిక, ఆయిలింజను మేస్త్రీని కావాలని. యంత్రాల మీద ప్రేమ అనుకునేరు. కోడికూర మీద.

అప్పుడప్పుడే మా నల్లరేగడి పొలాల్లో ఎద్దులతో నీళ్లు తోడే మోటలు పోయి ఆయిలింజన్లు దిగుతున్నాయి. ఇంజను కొన్న రైతు మీసం పెంచేవాడు. అది ఆగిన రోజున ఆ మీసం గడ్డం దాకా వేలాడేది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ప్రత్తిపాడులో ఉండే ఒకే ఒక్క మేస్త్రీ దిక్కు. ఆయన్ని తీసుకురావాలంటే గూడుబండి కట్టాలి. మా ఊళ్లో కొత్తకోడలికీ, డాక్టరుకీ, ఇంజను మేస్త్రీకీ తప్ప గూడుబండి కట్టేవాళ్లు కాదు. కోడలికైతే ఒక్కోసారి మామూలు బండితో సరిపెట్టేవాళ్లు కూడా. దిగగానే వేణ్ణీళ్లు, ఆపైన గారెలు, కోడికూర, ఆపైన ఓ కునుకు. ఇంత జరిగాక గానీ ఆయన ఇంజను మొహం చూసేవాడు కాదు. ఒక ఊళ్లో కోడి ముదురుదని తెలిసి, ఇంజను రోగం కూడా ముదిరిందని చెప్పి వెనక్కి వెళ్లిపోయాడట.

ఆయనకి చెవుడని లోకమంతా నమ్మేది. ఇంజన్ల దగ్గర బతికేవాళ్లకి చెవులు పోతాయని మావాళ్ల సిద్ధాంతం. నిజానికి ఆయన పానా ఒక కొస ఇంజనుకీ, రెండో కొస చెవికీ ఆనించి, లోపల ఏ ముక్క ఏడుస్తోందో చెప్పేసేవాడు. "మా పొలానికి ఎప్పుడొస్తావయ్యా" అని అడిగితే మాత్రం వినబడేది కాదు. ఇలాంటి చెవుడు పెద్ద ఆఫీసర్లకి కూడా ఉంటుందని నాకు తరవాత తెలిసింది.

ఆ యేడు మా మిరపతోట పూత మీద ఉండగా ఇంజను నోరు మూసుకుంది. వాన జాడ లేదు. నేల ఎలా నెర్రెలిచ్చిందంటే, మా దూడ అందులో పడితే కనిగిరి కొండ కింద తేలుతుందని మా మేనమామ అన్నాడు. ఆయన కనిగిరివైపు మనిషి. అక్కడి కరువు చూసినవాడికి మా కరువు ఏమాత్రం ఆనేది కాదు. పూత రాలడం మొదలైంది. ఆ సాయంత్రానికి తడి అందకపోతే ఆ యేటికి మిరపకాయన్నది లేదు. మా నాన్న కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే వదిలి లేచిపోతున్నాడు.

ఆ పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు. ఇంజను మొత్తం విప్పి, పెళ్లయ్యాక వంటగిన్నెలు కడిగి బోర్లించినట్టు ముక్కలన్నీ గోనెపట్టా మీద పరిచాడు. పక్కనే వేపచెట్టు నీడన మంచం మీద నాన్న, పెదనాన్న, మామ. మంచం కోడు పక్కన నేల మీద నేను. ఎదుటివాడు పని చేస్తుంటే ఊరికే కూర్చోవడం చాతకాక నా సంగతి ఎత్తారు. మేస్త్రీకి చెవుడు కదా అని గొంతులు తగ్గించలేదు. తగ్గించినా ఒకటే. మా వైపు రహస్యం చెప్పుకుంటే పక్క ఊరి కుక్కలు లేస్తాయి.

"టైపు నేర్పించరా" అన్నాడు పెదనాన్న. తాలూకా కచేరీలో ఎవరో గుమాస్తా ఒకసారి తనని కూర్చోమన్నాడని ఆయనకి ప్రభుత్వమంటే అపారమైన భక్తి. "ఫ్యాను కింద కుర్చీ. పనున్నా లేకపోయినా ఒకటో తారీకు జీతం. ముసలాడయ్యాక పింఛను."

"కుర్చీ సరే బావగారూ, అందులోకి వీణ్ణి ఎవడు రమ్మన్నాడు?" అన్నాడు మామ. "ఇంజను పనిలో పెట్టండి. ఈ మేస్త్రీకి కోడిని కోశారా? నేను కనిగిరి నుంచి దుమ్ము కొట్టుకుని వస్తే పప్పుచారు పోశారు."

"నువ్వేమన్నా ఇంజను బాగుచేశావా?"

"అదేగా నేను చెప్పేది."

"కోడి ఇస్తారోయ్, పిల్లనెవడిస్తాడు? ఆ గోళ్లు చూడు. తలంబ్రాలు పోస్తే బియ్యం కాస్తా మినుములవుతాయి."

"గుమాస్తా వేళ్లకి సిరా అంటదా?"

"సిరా వేరు. అది చదువు రంగు. పైగా ఈ పనిలో చెవుడొకటి."

"పెళ్లయ్యాక అదీ లాభమే బావగారూ."

నాన్న ఇదేమీ వింటున్నట్టు లేడు. తోటవైపే చూస్తున్నాడు. తమ్ముడు మాట్లాడకపోతే తన వాదం నెగ్గినట్టేనని పెదనాన్నకి చిన్నప్పటి నుంచీ నమ్మకం. ఇంకాస్త ముందుకు జరిగి తీర్పు చెప్పేశాడు. "అసలు మేస్త్రీ అంటే ఎవడ్రా? ఊరూరా తిరిగి తినేవాడు. బిచ్చగాడు వాకిట్లో తింటాడు, వీడు పీట మీద కూర్చుని తింటాడు. అంతేగా తేడా."

పట్టా దగ్గర పానా చప్పుడు ఆగింది. మేస్త్రీ ఆ పానాని తుడిచి పెట్టెలో పెట్టాడు. పెట్టె మూసి, మూత మీద కూర్చుని చుట్ట ముట్టించాడు.

"ఏం మేస్త్రీ, ఆపావేం?" అన్నాడు నాన్న.

"బిచ్చగాళ్లకి ఇంజను బిగించడం ఏం తెలుస్తుందండి. కుర్చీలో కూర్చునేవాళ్లని ఎవర్నయినా పిలిపించండి. ఫ్యాను తెచ్చుకుని మరీ బిగిస్తారు."

మా పెదనాన్న మొహం తొడిమ తీసిన మిరపకాయలా అయింది. పిస్టను ఒక మూల, నాజిలు ఒక మూల, పేరు తెలియని ముక్కలు బోలెడు. వీటన్నిటినీ మళ్లీ ఇంజనుగా చేయగల ఏకైక మనిషి మా మొహాల మీదికి పొగ వదులుతున్నాడు. అటు పూత రాలుతోంది. నాన్న మెల్లగా అన్నాడు, "అన్నయ్యా, అన్నది నువ్వు. సర్దేదీ నువ్వే."

పెదనాన్న దగ్గరికి వెళ్లాడు. "నేనన్నది వేరే మేస్త్రీల గురించోయ్. నీ పని చాలా గొప్పది."

మేస్త్రీ చెవి వెనక చెయ్యి పెట్టాడు. "కాస్త గట్టిగా అనండి. చెవుడు కదా."

"గొప్ప పని."

"గాలి అటు వీస్తోందండి. ఇంకాస్త."

పెదనాన్న పంచె బిగించి ఎత్తుకున్నాడు. కలెక్టరు లేకపోయినా జిల్లా నడుస్తుంది గానీ మేస్త్రీ లేకపోతే నడవదన్నాడు. గోళ్ల నలుపు సాక్షాత్తూ లక్ష్మీకళ అన్నాడు. మేస్త్రీలకి పిల్లనివ్వడానికి జమీందార్లు వరసలో నిలబడ్డారన్నాడు. ఫ్యాను కింద కూర్చునేవాడికి పక్షవాతం తప్పదన్నాడు. పక్క చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. మళ్లీ ఎలక్షన్లు వచ్చాయా అని ఒకామె అడిగింది. బావగారికి ఇంత ధారాళంగా వస్తుందని తెలిస్తే వానల కోసం కనిగిరి తీసుకుపోయేవాణ్ణని మామ నొచ్చుకున్నాడు.

మేస్త్రీ చుట్ట ఆర్పాడు. "అంత గొప్ప పనైతే, మీవాణ్ణి నాతో పంపండి. అప్పుడు బిగిస్తా."

"వాడికేం రాదు మేస్త్రీ" అన్నాడు పెదనాన్న, ఈసారి మామూలు గొంతుతోనే.

"అదీ విన్నానండి. రానివాడే కావాలి. కాస్త తెలిసినవాడైతే నాకే ఎదురు చెప్తాడు. పెట్టె మొయ్యాలి. తిట్టినప్పుడు పడాలి. నేను తినేటప్పుడు నా విస్తట్లోకి చూడకూడదు. నేను తిని చెయ్యి కడుక్కున్నాక, మిగిలితే వాడికి పెడతారు."

ఈ వృత్తిలో నాకు కనిపించిన లాభం ఒక్కటే. అది నేను చేరకముందే పోయింది. టైపే నయం అనుకుని నోరు తెరిచేలోగా నాన్న, "పంపిస్తా. బిగించు" అన్నాడు.

బిగించేసరికి పొద్దు వాలింది. ఎక్కడిదో ఆయనకే తెలియని ముక్క ఒకటి మిగిలిపోతే, అది మొదటి నుంచీ అక్కర్లేని ముక్కేనని చెప్పి జేబులో వేసుకున్నాడు. తరవాత నన్ను హ్యాండిలు కొట్టమన్నాడు. అది గిర్రున వెనక్కి తిరిగి నన్ను ఎరువు గుట్టలోకి విసిరింది. మామ నవ్వాడు. లేచి మళ్లీ కొట్టాను. ఇంజను దగ్గింది, నల్లటి పొగ కక్కింది, పొలమంతా అదిరేలా డుబడుబమంది. గొట్టం నుంచి నీళ్లు కాలవలో పడి, నెర్రెల్లోకి గుటకలు వేస్తూ, మొదటి సాలులోకి పాకాయి. ఆ నీళ్లు నా భుజబలంతో వచ్చాయని నేను నమ్మాను. అంత పనికిమాలిన గర్వం మళ్లీ ఏ ఉద్యోగమూ నాకివ్వలేదు. టైపు సంగతి మాట్లాడాలని నాకు అనిపించలేదు.

నీళ్లు సగం తోట దాటగానే పెదనాన్న మళ్లీ తన పాత దారికొచ్చాడు. "పైరు కోసం అన్న మాటలు మాటలు కావురా. వాణ్ణి గుంటూరే పంపు."

"మాటలు కావా అన్నయ్యా? పత్తి చేను చేనంతా విన్నది" అన్నాడు నాన్న. ఆయన కాళ్లు కాలవలో ఉన్నాయి. అప్పుడు నావైపు తిరిగాడు. "నీకిష్టమేనట్రా?"

ఇష్టమో కాదో నాకూ తెలియలేదు. పెట్టె తీసుకెళ్లి గూడుబండిలో పెట్టాను. అది ఎంత బరువంటే ఒకవైపు ఎద్దు కాలు మార్చుకుంది. మేస్త్రీ అప్పటికే లోపల మెత్తగా సర్దుకుని, నాకు బండివాడి పక్కన చోటు చూపించాడు. బండి కదలబోతుంటే నాన్న కాలవలోంచి బయటికొచ్చి చెయ్యి చాపాడు.

"ఆ తెల్లచొక్కా విప్పి ఇటియ్యి. నూనె మరక అంటితే వదలదు. మీ అమ్మ ఉతకలేదు."

విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని మడత పెట్టి, తన భుజం మీది పాత కండువా నా ఒళ్లో పడేసి, నీళ్లకి మడవ తిప్పడానికి తోటలోకి వెళ్లిపోయాడు.