జప్తుకి వెళ్ళి ఎక్కిన ఆటో

ఆ రోజుల్లో, మనుషుల్ని భయపెట్టడం కూడా ఒక ఉద్యోగమేననీ, దానికి నెలనెలా జీతంతో పాటు పెట్రోలు ఖర్చులు కూడా ఇస్తారనీ తెలిసినప్పుడు నాకు ఈ లోకం మీద గొప్ప గౌరవం కలిగింది. డిగ్రీలో ఒకే ఒక్క సబ్జెక్టు మిగిలిపోయి (ఒక్కటేనని ఇంట్లో చెప్పాను), నూజివీడులో బండ్లకి అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ ఆఫీసులో వసూళ్ళ పనికి చేరాను. ‘కలెక్షన్’లో ఉద్యోగం అంటే మా నాయనమ్మ కలెక్టరు ఉద్యోగమనుకుని వీధంతా చెప్పుకొచ్చింది. మా వైపు కలెక్టరంటే జ్యూసు ఫ్యాక్టరీకి పోయే ఒక రకం మామిడికాయ కూడా కాబట్టి, నేను ఆ రెండిటికీ మధ్య ఎక్కడో ఉన్నానన్నమాట. అద్దం ముందు కనుబొమలు ముడేసి "ఎప్పుడు కడతారు?" అని సాధన చేస్తుంటే మా అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, "జ్వరం లేదే!" అని ఆశ్చర్యపోయింది.

పనిలో నాకు గురువు బొంగురన్న. ఆ గొంతే ఆయన ఆస్తి. "మనం అరవక్కర్లేదు తమ్ముడూ, వాకిట్లో నిలబడితే చాలు. మిగతాది ఇరుగూపొరుగూ చూసుకుంటారు" అనేవాడు. పరువుకి భయపడి జనం ఎక్కడో ఒకచోట తెచ్చి కట్టేస్తారని ఆయన సిద్ధాంతం. అది నాకప్పుడు వేదవాక్కులా వినిపించింది (ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి).

మే నెల, కోతలు ముమ్మరంగా ఉన్నాయి. చాట్రాయి దగ్గర ఒక తోటలో ఉన్న ట్రాలీ ఆటోకి మూడు వాయిదాలూ, వాటి మీద ఫైనూ బాకీ అని మాకు చెప్పారు. కట్టకపోతే ఆటో తీసుకొచ్చెయ్యమన్నారు. మేం వెళ్ళేసరికి ఆటో పాక పక్కనే సగం లోడుతో ఉంది. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న నలభై ఏళ్ళావిడ నేల మీద కూర్చుని బంగినపల్లి కాయలు ఏరి ట్రేలలో పెడుతోంది. చుట్టూ ఇంకో పదిమంది ఆడకూలీలు.

"ఏమ్మా, మూడు వాయిదాలు. కడతావా, తాళాలిస్తావా?" అన్నాడు బొంగురన్న.

ఆవిడ చేతిలో కాయని పదిలంగా ట్రేలో పెట్టి, "ఎండనబడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండయ్యా" అంది. తాగాం. (ఒకరి మజ్జిగ తాగాక వాళ్ళని గద్దించడం ఎంత కష్టమో తాగితేగానీ తెలీదు.) అప్పుడు, "ఇప్పుడు చెప్పండి, మీరెవరు?" అంది.

"చొక్కా మీద కంపెనీ పేరు కనబడట్లా?"

"చొక్కా ఎవరైనా కుట్టించుకుంటారయ్యా. కార్డేదీ?"

నాకింకా కార్డే ఇవ్వలేదని చెప్పాను. బొంగురన్న విసురుగా తనది ఇచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, ముందూ వెనకా చదివి, ఎంతో మర్యాదగా తిరిగిచ్చేసి, "దీని గడువు పోయినేడే అయిపోయిందండీ" అంది. కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చేరిన మూడు నెలల్లో ఇరుగూపొరుగూ మమ్మల్ని చూసి నవ్వడం అదే మొదటిసారి.

"కార్డుతో పనేంటమ్మా? బాకీ ఉందా, లేదా?"

"ఉంటే కడతా. ఎంతుందో, ఎందుకుందో కాయితం మీద చూపెట్టండి. మా ఆయన చెట్టు మీంచి పడి నడుం ఇరిగిన కాణ్ణించి ఈ బండి నేనే తోలతన్నా. ఇది పోతే మా ఇంట్లో పొయ్యి లేవదు. నోటిమాట మీద ఇచ్చెయ్యమంటే ఎట్టా?" అంటూ మాత్రం ఆవిడ లేచి వెళ్ళి ఆటోకి అడ్డంగా నిలబడింది. భయపడుతూ కూడా మనిషి అంత నిదానంగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆటో సీటు కింద నుంచి భర్త నడుము ఎక్స్‌రే తాలూకు పెద్ద కవరు తీసింది. అందులో రసీదులన్నీ నెలల వరసన పిన్ను కొట్టి ఉన్నాయి. మా ఫోనులో కట్టలేదని చూపిస్తున్న మూడు నెలల్లో రెండిటికి ఆవిడ దగ్గర రసీదులున్నాయి. వాటి మీద మా ముద్ర, నాకంటే ముందు పనిచేసి మానేసినాయన సంతకం. "ఈ సంతకం మీవాళ్ళదేనా?" అని అడిగింది. బొంగురన్న తోట వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూసింది.

"మావాళ్ళదేనండీ" అన్నాను. ఆ ఉద్యోగంలో నేను పలికిన మొదటి నిజం అదేననుకుంటా.

"అదంతా ఆఫీసులో తేల్చుకో. ముందు తాళాలియ్యి!" అన్నాడు బొంగురన్న.

"బండి పట్టుకుపోడానికి ఆర్డరుందా అయ్యా? ఉంటే ఇవ్వండి, చదువుకుంటా. లేదంటే పోలీస్ స్టేషను దారిలోనేగా, అక్కడే అడుగుదాం."

అంత గొంతూ ఏమైపోయిందో! "ఆవిణ్ణి ఆఫీసుకి తీసుకురా" అని నాకు గుసగుసగా చెప్పి, బైకెక్కి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆటోని జప్తు చెయ్యడానికి వెళ్ళినవాణ్ణి అదే ఆటోలో, కాయల ట్రేల మీద కూర్చుని, పడిపోకుండా తాడు పట్టుకుని బయల్దేరాను. గుంత వచ్చినప్పుడల్లా ఆవిడ వెనక్కి చూసేది (నా కోసం కాదు, కాయల కోసం). ఆఫీసుకన్నా ముందు మార్కెట్ దగ్గర ఆపి, "కాయ ఆగదు తమ్ముడూ, అప్పు ఆగుద్ది" అంది. లోడు దింపుతుంటే నన్నెవరూ సాయం అడగలేదు. నా చేతులే వెళ్ళి ట్రేలు అందుకున్నాయి.

ఆఫీసులో లెక్క ప్రింటు తీయించి, ఒక్కో వరుసకీ ఒక్కో రసీదు పెట్టి పెన్నుతో టిక్కులు కొట్టుకుంటూ పోయింది. మేనేజరు గారు రెండ్రోజులాగి రమ్మన్నారు. "పర్లేదండీ, కూర్చుంటా" అని గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుంది. అప్పు కోసం వచ్చినవాళ్ళంతా ఆవిణ్ణి సంగతేంటని అడగడం, ఆవిడ రసీదులు చూపించి చెప్పడం మొదలయ్యాక, మేనేజరు గారు తనే హెడ్డాఫీసుకి ఫోన్ చేశారు. సాయంత్రానికి ఆ రెండు వాయిదాలూ జమయ్యాయి, వాటి ఫైనూ పోయింది. మిగిలిన ఒక్క వాయిదాని ఆవిడ పైసాతో సహా కట్టి, రసీదు తీసుకుని, ఈ నెల వరకూ బాకీ లేదని రాయించి, ముద్ర వేయించి, రెండుసార్లు చదువుకుని లేచింది. మేనేజరు గారు కూడా లేచి నిలబడ్డారు! ఎందుకు లేచారో ఆయనకే తెలిసినట్టు లేదు.

మెట్ల మీద ఆవిడ ఆగి, "తమ్ముడూ, నీకు కార్డు రాలేదన్నావ్. ఉద్యోగం ఇచ్చినట్టు కాయితమన్నా ఇచ్చారా?" అంది. లేదన్నాను. "అయ్యో!" అంది. అప్పుల వాళ్ళని చూసి నేనెన్నడూ పడనంత జాలి ఉంది ఆ ఒక్క మాటలో. తర్వాత ఖాళీ ట్రేలు గలగలమంటుంటే చాట్రాయి రోడ్డున వెళ్ళిపోయింది.

ఆ నెలాఖరుకి మానేశాను. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి బాకీ అంటే, కాయితం పంపించండి, చూసుకుని మాట్లాడతాను అంటాను. మా ఆవిడ అది నా ధైర్యమనుకుంటుంది. నేనూ కాదనను. నాకు మాత్రం ఆ మెట్ల మీద నిలబడిపోయిన ఇరవై రెండేళ్ళ కుర్రాడు కనిపిస్తాడు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన కంపెనీ చొక్కా, దాని నిండా మామిడి సొన మరకలు. అమ్మ ఎన్నిసార్లు ఉతికినా అవి పోలేదు. పోవాలని వాడు పెద్దగా కోరుకోనూ లేదు, పాపం.