నేను ఆపించిన పడుగు

నా జీవితంలో నేను రాసిన అర్జీల్లో ఒకే ఒక్కటి ఫలించింది. అది కూడా ఫలించకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పట్లో నేను ఆదోని నుంచి రోజూ స్కూటరు మీద ఎమ్మిగనూరు వచ్చి, నేతగాళ్ల వీధి చివర ఉన్న ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ వీధిలో పొద్దున్నే నడిరోడ్డు మీద పడుగు సాగదీసేవాళ్లు. పడుగంటే మగ్గానికి ఎక్కించబోయే నిలువు దారాలు. గుణకారం గుర్తులాగా కట్టిన కర్రల మీద వాటిని ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచి, గంజి పూసి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్లు. అది ఆరేదాకా వీధిలో మనుషులు నడవాలే తప్ప బండి పోయే వీలు లేదు. నేను స్కూటరు దిగి, పక్క సందులో గేదెల మధ్య దాన్ని తోసుకుంటూ బడికి చేరేసరికి హాజరు పట్టీలో నా పేరు పక్కన ఎర్ర గీత పడి ఉండేది. ఒకరోజు ఒక గేదె పేడ అంటిన తోకతో నా కళ్లద్దాలు తుడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే ‘రాకపోకలకు తీవ్ర అంతరాయం’ అని రెండు పేజీల అర్జీ రాసి, చక్కగా సంతకం పెట్టి, వీధుల సంగతి చూసే ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కుండానే పడుగు ఆగిపోయింది. కొందరు నేతగాళ్లు ఊరి బయటికి పోయి సాగదీసుకున్నారు, కొందరు మగ్గమే మానుకున్నారు. తర్వాత వీధికి నున్నటి సిమెంటు రోడ్డు పడింది. నేను బడి గేటు దాకా దర్జాగా స్కూటరు మీదే పోయేవాణ్ణి. నాతో పాటు ఊళ్లో ఉన్న ఆటోలూ, మోటారు సైకిళ్లూ, శ్రావణమాసంలో ఉరుకుంద గుడికి పోయే జీపులూ అదే అడ్డదారి పట్టాయి.

పోయిన ఏడాది మా మూడో తరగతి పిల్లను బడి ముందే ఒక మోటారు సైకిలు గుద్దింది. కాలు విరిగింది. కట్టు విప్పిన తర్వాత కూడా ఆ పిల్ల బడికి రాలేదు. అమ్మా నాన్నా కూలి పనికి బెంగళూరు పోయారు కాబట్టి పిల్లను సాకేది అవ్వే. నేను వాళ్లింటికి పోయాను.

“కాలు నయమైంది కదమ్మా, ఇంక పంపు,” అన్నాను.

“బడికి ఒక కాలు ఇచ్చినాం సార్. రెండోది ఇయ్యను,” అంది అవ్వ. “ఆ రోడ్డు నెమ్మదైన దినం పంపుతాను.”

తలుపు వెనక నుంచి ఆ పిల్ల, తానేమీ మరిచిపోలేదని నాకు తెలియడానికి, గట్టిగా ఎక్కాలు అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఏడో ఎక్కంలో తప్పింది. నాకు ఏడుపొచ్చింది.

బడి ముందు స్పీడు బ్రేకరు కావాలని మళ్లీ అర్జీ పెట్టాను. ముందు బండ్ల వేగం చూడాలన్నారు. ఆఫీసు నుంచి ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ, పుస్తకం పట్టుకొని వచ్చాడు. పొద్దుటిపూట నీడ నడిరోడ్డు మీదే ఉంటుంది కనుక నడిరోడ్డులోనే కుర్చీ వేసుకున్నాడు. పుస్తకం పట్టుకొని దారికి అడ్డంగా కూర్చున్న మనిషిని చూసి ప్రతి బండీ బ్రేకు నొక్కి, దండం పెట్టినంత వినయంగా పక్కనుంచి పోయింది. మూడు రోజులు చూసి ఆయన రాసుకున్నాడు: ‘ఇక్కడ వాహనాలన్నీ నెమ్మదిగానే పోతున్నాయి. స్పీడు బ్రేకరు అవసరం లేదు.’

“మీరు అడ్డంగా కూర్చున్నందుకే కదయ్యా అవి నెమ్మదిగా పోయింది!” అన్నాను.

“ఆ మాట రాసేకి ఇందులో గడి లేదు సార్,” అన్నాడు పాపం, నిజంగానే బాధపడుతూ.

పోనీ కుర్చీ అయినా వదిలిపెట్టి పొమ్మని బతిమాలాను. వదిలిపెట్టాడు. ఉత్త కుర్చీ రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడో రోజు ఎవరింట్లోనో పెళ్లిచూపులకు కుర్చీ తక్కువైందట, పట్టుకుపోయారు.

కుర్చీ పోయిన చోట నేను నిలబడి ఎవరినో తిడుతుంటే ఒక పెద్దాయన వచ్చాడు. వీధి మలుపులో ఉండే పాత నేతగాడు. ఆయన మనవడు ఒకప్పుడు నా దగ్గరే చదివాడు. పెద్దాయన మగ్గం ఎప్పుడో విప్పేసి అటక మీద పెట్టుకున్నాడు.

“కుర్చీలెందుకు సార్,” అన్నాడు. “మా పడుగు ఉన్నప్పుడు ఈ వీధిలో కోడిపిల్ల కూడా సావలేదు.”

నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు బడి గంటకు ముందే ఆయన అటక మీద మిగిలిన ఒకే ఒక్క పాత పడుగు దించి, వీధిలో సాగదీశాడు. బండ్లన్నీ ఆగిపోయాయి. పోలీసు చెయ్యెత్తితే ఆగనివాళ్లు కూడా నూలు చూసి ఆగారు. ఆ ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు నేసినవాళ్లే. దారం తెగితే ఎవరి కడుపు కాలుతుందో వాళ్లకు తెలుసు.

చిక్కల్లా ఆ పడుగు ఎక్కించడానికి నిలబెట్టిన మగ్గం లేదు. అందుకని రోజూ అదే పడుగు. “గంజి పూయకపోతే ఉత్తుత్తిదని కనిపెడతారు సార్,” అని రోజూ దానికి గంజి పూసేవాడు. పది రోజులకు అది అప్పడంలా బిర్రబిగుసుకుపోయింది. ఒక మేక అలవాటు పడి పొద్దున్నే వచ్చి ఒక కొస నాకేది. “ఏం చీరప్పా, ఇన్ని దినాలు?” అని దారిన పోయేవాళ్లు అడిగితే, “పెద్ద చీర, టయిం పడతాది,” అనేవాడు గంభీరంగా. అవ్వ మూడు పొద్దులు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని చూసి, “ఇంకా సూస్తా,” అని వెళ్లిపోయింది.

నాలుగోసారి పిల్లను వెంట తెచ్చింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఒక అధికారి ఫైలు పట్టుకొని దిగాడు.

“ఈ వీధిలో పడుగు వేయకూడదని ఎప్పుడో ఉత్తర్వు ఉంది,” అంటూ అందులోంచి నా రెండు పేజీలు తీశాడు. “ఈ ఫిర్యాదుదారుడు ఇంకా ఈడనే ఉన్నాడా? ఆయన అభ్యంతరం లేదంటే సరి. లేకుంటే ఇప్పుడే తీసేయాల.”

అవ్వ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకొని వెనక్కి తిరగబోయింది. ఆ ఫిర్యాదుదారుడు బదిలీ అయిపోయాడని చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. సిగ్గేసింది.

“నేనే,” అన్నాను.

పెద్దాయన కుంచె ఆపలేదు. “తెలుసు సార్. మా మనవని మార్కుల కార్డు మీద మూడేండ్లు సూసినాను ఆ సంతకం. పడుగు ఆపమని ఆఫీసులో కాగితం సూపిచ్చిన దినమే ఆనవాలు పట్టినా.”

“మరి ఒక్క మాటైనా అడగలేదేం?”

“పిల్లోనికి సదువు సెప్తాండావు. ఏమని అడిగేది?” అని రెండో కుంచె నా వైపు తోశాడు. “పట్టుకో. ఆ కొస ఆరిపోతాంది.”

పట్టుకున్నాను. అధికారి కాసేపు కలం నోట్లో పెట్టుకొని ఆలోచించి, ‘ఫిర్యాదుదారుడే పడుగు దువ్వుతూ కనబడినందున ఫిర్యాదు మూసివేయడమైనది’ అని రాశాడు. దానికి మాత్రం గడి ఉందట.

“రేపు కూడా ఉంటాదా ఇది?” అని అడిగింది అవ్వ.

“నన్నడుగుతావేం?” అన్నాడు పెద్దాయన. “ఆపిచ్చేది సార్ కదా, సార్‌నే అడుగు.”

“ఉంటాది,” అన్నాను.

అవ్వ పిల్ల చెయ్యి వదిలింది. ఆ పిల్ల కొంచెం కుంటుతూ, ఒక చెయ్యి దారాల మీద ఆనించి, బడి గేటు వైపు నడిచింది. ఆ చెయ్యి తగిలినంత మేరా గంజి చెదిరిపోయింది. నేను వెనకే దువ్వుకుంటూ పోయాను.