కాస్త దుడుకు

ఒక చిన్న మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఇరుక్కుని ఉంది. తిట్టేమీ కాదు. మర్యాదగా, నవ్వుతూ అన్న మాట. దానితో ఒక అమ్మాయికి రావలసిన ఉద్యోగం పోగొట్టాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకురావడం మొదలుపెడితే కాస్త గమనించండి. ఆ అలవాటు నాకుంది.

జనగామలో ఒక కాలేజీలో ఎంబీఏ పిల్లలకు నేను అకడమిక్ అడ్వైజర్‌ని. పేరు వినడానికి గొప్పగానే ఉంటుంది. ఎవరు మార్కెటింగ్ తీసుకోవాలి, ఎవరు ఫైనాన్స్ జోలికి పోకూడదు, హాజరు తగ్గినవాళ్లు ఏం చేయాలి, ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవీ నేను చెప్పేవి. పిల్లలు నా మాట వింటారు. అప్పట్లో అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు భయమేస్తుంది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తక్కినది అర్థం కాదు. మాది భూపాలపల్లి జిల్లా, చిట్యాల దగ్గర పల్లె. హైదరాబాదులో చదువుకోవడానికి వెళ్లిన కొత్తలో క్లాసులో లేచి "గిది నాకు సమజ్ కాలే సార్" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఒకడైతే సినిమాల్లో హాస్యగాడిలా మూతి వంకర తిప్పి ఆ మాటను కనబడినప్పుడల్లా నాకు అప్పజెప్పేవాడు. హాస్టల్లో అద్దం ముందు నిలబడి భాష మార్చుకున్నాను. "ఎట్ల" పోయి "ఎలా" వచ్చింది. జనగామలో ఉద్యోగంలో చేరినప్పుడు స్టాఫ్ రూంలో ఎవరో "మేడం, మీది గుంటూరు వైపా?" అని అడిగారు. అవుననలేదు, కాదనలేదు, నవ్వాను. ఆ నవ్వుతోనే అందరికీ గుంటూరు మేడాన్ని అయిపోయాను. మా అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేస్తే స్కూటర్ల షెడ్డు వెనక్కి వెళ్లి మాట్లాడేదాన్ని. కన్నతల్లితో దొంగచాటుగా! సిగ్గు లేదూ నాకు?

రజిత స్టేషన్ ఘన్‌పూర్ అవతలి పల్లె నుంచి వచ్చేది. వాళ్లకు కాస్త పొలం ఉంది, అది చాలక తల్లీతండ్రీ కూలికి పోయేవారు. హాజరు తగ్గిందని కోప్పడదామని ఒకరోజు నా గదికి పిలిచాను. సాయంత్రం బస్సు ఘన్‌పూర్‌లోనే ఆగిపోయేదట, చీకటి పడితే ఆటోవాళ్లు అటువైపు రామనేవారట, అందుకని ఆఖరి క్లాసులు వదిలేసి పోయేదట. ఆ ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లల్ని ఇళ్లలో మాన్పించే మాటలు కూడా మొదలయ్యాయి. రజిత ఊరుకోలేదు. వాళ్లందరినీ వెంటేసుకుని బస్సు డిపోకు వెళ్లింది. మేనేజర్ లేడంటే బయట మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకుని తిన్నారు. రేపు రమ్మంటే రేపు వెళ్లారు. సర్పంచి సంతకం కావాలంటే తెచ్చారు. గొంతు పెంచలేదు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. చివరికి ఆయనే విసుగెత్తి బస్సు వేశాడు. "కొట్లాడి ఏపిచ్చుకున్నం మేడం, ఇగ క్లాసులు ఇడువ" అంది రజిత, మొహమంతా నవ్వు చేసుకుని. నాకూ నవ్వొచ్చింది. మా వైపు కొట్లాడటమంటే తన్నుకోవడమొక్కటే కాదు, పట్టు వదలకుండా అడిగి సాధించుకోవడం కూడా. చిట్యాల వైపు పుట్టినదానికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా?

"ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పు, కంపెనీల వాళ్లకు కావలసింది ఇలాంటివే" అని సలహా ఇచ్చాను. ఎవరు? నేనే.

ఆఖరి సెమిస్టర్లో ఒక విత్తనాల కంపెనీ నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కోస్తా మనిషి, మంచివాడే. మా జిల్లాల్లో ఊళ్లు తిరిగి రైతులతో, డీలర్లతో మాట్లాడటానికి ఒక్కరు కావాలి. అడ్వైజర్‌ని కాబట్టి నన్నూ పక్కన కూర్చోబెట్టారు. టీ తాగుతూ ఆయన అన్నాడు, "మీ మాట వింటుంటే మా ఊళ్లో ఉన్నట్టుందండీ" అని. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

పల్లెల్లో పని కాబట్టి తెలుగులోనే మాట్లాడమన్నాడాయన. రజిత బెదరకుండా మాట్లాడింది. బస్సు సంగతి చెప్పింది, నేను చెప్పమన్నట్టే. కానీ మెట్ల మీద కూర్చున్నది, సంతకాలు తెచ్చినది గొప్పగా చెప్పుకోవడం ఇష్టం లేక కాబోలు, అన్నీ ఒక్క మాటలో చుట్టేసింది. "ఆడిపిల్లలం అందరం పోయి డిపోల కొట్లాడినం సార్. కొట్లాడి కొట్లాడి బస్సు ఏపిచ్చుకున్నం." ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పిల్ల బయటికి వెళ్లాక నా వైపు తిరిగి, డిపో మీద పడి గొడవ చేశారా ఏమిటి, రేపు మా డీలర్లతోనూ ఇలాగే అయితే ఎలా, ఇంతకీ ఎలాంటి పిల్లండీ అని అడిగాడు.

ఒక్క వాక్యం చాలు. దాని అర్థం అది కాదండీ, మా వైపు అలాగే అంటాం అని చెబితే అయిపోయేది. కానీ "మా వైపు" అనాలి. ఏ వైపు అని ఆయన అడుగుతాడు. టీ తాగుతూ ఆయన మెచ్చుకున్న మనిషి ఆ క్షణంలో మాయమైపోతుంది. ఇదంతా ఆలోచించానా? ఆలోచించకుండానే నోటికి వచ్చిందని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ఆలోచించాను. కప్పు కింద పెట్టేంతసేపు ఆలోచించి, నవ్వి, "మంచి పిల్లేనండీ, కాస్త దుడుకు" అన్నాను.

ఉద్యోగం జనగామ బజారులో హోల్‌సేల్ కిరాణా వాళ్ల అబ్బాయికి ఇచ్చారు. కొన్నాళ్లకే అతను అది మానేసి తండ్రి దుకాణంలో కూర్చున్నాడు. పోనీ రజితనైనా మళ్లీ పిలిచారా అంటే, లేదు. దుడుకు పిల్లను ఎవరు పిలుస్తారు?

ఆ సాయంత్రం రజిత నా గది గుమ్మం దగ్గర నిలబడింది. ఏడవలేదు.

"మేడం, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"తప్పని కాదు రజితా. నీ భాష కొంచెం మార్చుకోవాలి. కొట్లాడినం లాంటి మాటలు అక్కడ అనకూడదు."

"మరి కొట్లాడకుంటె బస్సు అచ్చేదా మేడం?"

ఎదురుగా కుర్చీ ఉంది, కూర్చోమని కూడా అనలేదు. "నాకు తెల్వకపాయె మేడం. మీరు నేర్పియ్యిండ్రి, మార్చుకుంట" అంది చివరికి. చేసిన పాపం నా నోట్లో పెట్టుకుని, ఆ పిల్లతో నేను తప్పు ఒప్పించాను.

నేర్పాను కూడా. క్లాసులయ్యాక కూర్చోబెట్టి ఎంతో ఓపికగా నేర్పాను. గట్ల కాదు, అలా. ఏంది కాదు, ఏమిటి. స్టాఫ్ రూంలో నన్ను మెచ్చుకున్నారు, ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది అని. అది ప్రాయశ్చిత్తమనుకున్నాను. నిజానికి నాకున్న రోగం ఆ పిల్లకు అంటించాను. క్లాసులో అందరికంటే ముందు నోరు తెరిచే పిల్ల, ప్రతి మాటా లోపల సరిచూసుకుని గానీ అనేది కాదు. కొన్నాళ్లకు అసలు లేచి అడగడమే మానేసింది.

మొన్న ఒక పెళ్లికి వెళ్లి వస్తూ మహబూబాబాద్ స్టేషన్లో ఆమెను చూశాను. నేను తప్పుకుందామనుకునేలోపే పరుగున వచ్చింది. ఆ ఊళ్లోనే ఒక బడి ఆఫీసులో పనిచేస్తోందట. చెయ్యి పట్టుకుని పాప ఉంది. రజిత మాట అచ్చం నా మాటలాగే ఉంది, ఎక్కడా యాస జాడ లేదు. పాప పట్టాల వైపు తొంగిచూసి, "అమ్మా, రైలు ఎప్పుడస్తది?" అంది.

"అస్తది కాదు నాన్నా, వస్తుంది అనాలి" అంది రజిత. నా వైపు చూసి మొహమాటంగా నవ్వింది. "ఎంత చెప్పినా అదే మాట మేడం. నాకు మీరు దొరికారు కాబట్టి సరిపోయింది."

చెప్పొచ్చు అప్పుడు. ప్లాట్‌ఫారం మీద జనం మమ్మల్ని పట్టించుకునేలా లేరు, రైలుకు ఇంకా టైముంది. నోరు తెరిచాను. నాకు మీరు దొరికారు అన్న మొహం మీద ఆ మాట ఎలా వేయను? ఇదిగో, ఇదీ సాకే. ఆమె నన్ను గౌరవంగా చూడటం నాకు కావాలి. అంతకుమించి ఏమీ లేదు. పాప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, జాగ్రత్తగా "వస్తుంది" అంది. నేను బాగుందన్నట్టు తలూపాను.

ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు, క్షమించడానికి ఒక తప్పు ఉందనే ఆమెకు తెలియదు. మీరు క్షమిస్తే లాభం లేదు. ఇది చెప్పాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. అయినా అసలు మాట ఇంకా సూటిగా అననేలేదు, అనేస్తాను. రజిత దుడుకు పిల్ల కాదు. ఆమె అన్న మాటకు అర్థం ఆ గదిలో ఒక్కదానికే తెలుసు. నాకే తెలుసు.